పంతొమ్మిది ఐటమ్‌ల నుంచి ఒక్క పటం దాకా: ఒక ఊరి కళల రాత్రి కేస్ స్టడీ

ఊళ్లలో, కాలనీల్లో జరిగే సాంస్కృతిక కార్యక్రమాలను రూపొందించి, దగ్గరుండి నడిపించడం నా పని. ఈ కేసులో నేను రెండేళ్లు పనిచేశాను. మొదటి ఏడాది పూర్తిగా ఫెయిలయ్యాను. రాయడానికి ముఖ్య కారణం అదే. ఊరి పేరు, మనుషుల పేర్లు, వాళ్లను పట్టించే గుర్తులు వదిలేశాను.

నేపథ్యం

ఉత్తర తెలంగాణలో ఒక పట్టణం. జిల్లా కేంద్రం కాదు, అట్లని చిన్న ఊరూ కాదు. అక్కడి గ్రంథాలయం చుట్టూ ఒక చిన్న బృందం ఉంది. రిటైరైన తెలుగు లెక్చరర్, బ్యాంకులో పనిచేసే ఒక కవి, కూచిపూడి నేర్పే టీచరమ్మ, ప్రభుత్వ బడిలో డ్రాయింగ్ మాస్టారు, మెడికల్ షాపు నడిపే ఒక సంగీతాభిమాని. ఏడాదికోసారి బొమ్మలు, నాట్యం, కవిత్వం, పాట అన్నీ ఒక్కచోట ఉండే "కళల రాత్రి" జరపాలని వీళ్ల కోరిక. నేను వెళ్లేసరికి రెండుసార్లు జరిపారు. రెండుసార్లూ ఫంక్షన్ హాల్లోనే.

రెండో ఏడాది పాంప్లెట్ నాకు చూపించారు. పంతొమ్మిది ఐటమ్‌లు. జ్యోతి ప్రజ్వలన, స్వాగతం, వక్తల ప్రసంగాలు, నృత్యాలు, పాటలు, శాలువాల సన్మానం. కవి సమ్మేళనం చిట్టచివర. చిత్రకళా ప్రదర్శన భోజనాల హాల్లో. డప్పు బృందం పేరు పాంప్లెట్‌లో లేదు. వాళ్లు గేటు దగ్గర అతిథులకు స్వాగతం వాయించి వెళ్లిపోయారట. "వాళ్లది ఐటమ్ కాదండీ, స్వాగతం" అన్నారు ఒకాయన. ఆ మాట అప్పుడు నేను పట్టించుకోలేదు.

నా దగ్గరికి వచ్చిన సమస్య

వాళ్లు చెప్పింది ఒక్కటే. జనం కూర్చోవడం లేదు. కవులు లేచేసరికి హాల్లో ఇరవై మంది కూడా మిగలరు. టెంట్‌హౌస్ కుర్రాళ్లు ఒక పక్క కుర్చీలు మడతేస్తుంటే, ఇంకో పక్క మైకులో వచన కవిత. వాళ్లు అనుకున్న పరిష్కారం, టీవీలో కనిపించే గాయకుణ్నో యాంకర్నో పిలవడం. అందుకు చందాలు ఎలా వసూలు చేయాలో చెప్పమని నన్ను పిలిచారు.

నాకది నచ్చలేదు. పేరున్న మనిషి వస్తే జనం వస్తారు, నిజమే. ఆ మనిషి వెళ్లగానే జనమూ వెళతారు. నా సలహా చెప్పే ముందు రెండో ఏడాది వీడియో అడిగి తెచ్చుకున్నాను. పెళ్లిళ్లు తీసే ఫొటోగ్రాఫర్ తీసింది, మూడున్నర గంటలు. అందులో వేదికను వదిలేసి కుర్చీలను చూశాను. ఒక్కో డాన్స్ అవగానే ఒక్కో గుంపు లేస్తోంది. పాప స్టేజీ దిగిన పది నిమిషాల్లో అమ్మా నాన్నా తాతయ్యా అందరూ గేటు దగ్గర ఉన్నారు. అంటే అక్కడ జనం తక్కువేమీ కాదు. కాకపోతే నాలుగైదు వేరు వేరు జనాలు వంతులవారీగా వచ్చి పోతున్నారు. డాన్స్ పిల్లల కుటుంబాలు ఒకటి, కవుల మిత్రులు ఒకటి, డ్రాయింగ్ మాస్టారి విద్యార్థులు ఒకటి. ఎవరి సినిమాకు వాళ్లు టికెట్ కొనుక్కున్నట్టు.

ఇంతవరకు నా నిర్ధారణ సరైనదే. మందు మాత్రం తప్పిచ్చాను.

మొదటి ఏడాది: నేను చేసిన తప్పులు

మొదటి ఆలోచన, ఐటమ్‌లను కలగాపులగం చేయడం. డాన్స్ తర్వాత కవిత, కవిత తర్వాత పాట, మళ్లీ డాన్స్. పిల్లల సర్టిఫికెట్లు చివర్లో ఇస్తామని ప్రకటించాం. అప్పుడు తల్లిదండ్రులు ఉండక తప్పదు కదా అని నా లెక్క. వాళ్లు ఉన్నారు. ఎట్లా ఉన్నారంటే, బస్టాండులో లేటైన బస్సు కోసం ఉన్నట్టు. మేకప్‌తో పిల్లలు ఒళ్లో నిద్రపోయారు. కవి మైకు దగ్గరికి రాగానే హాలంతా మాటలు మొదలు. వెళ్లిపోయినా బాగుండేదని ఒక కవి నాతో అన్నారు. "ఖాళీ కుర్చీలు కనీసం చప్పుడు చెయ్యవు కదండీ." కూచిపూడి టీచరమ్మ ఇంకా సూటిగా అడిగారు. "తల్లిదండ్రులు పిల్లల డాన్స్ చూడ్డానికే వస్తారు సార్. అందులో తప్పేముంది? సర్టిఫికెట్ తాకట్టు పెట్టుకుని కవిత్వం వినిపిస్తామా?" సమాధానం లేదు నా దగ్గర.

రెండో ఆలోచన, స్టేజీ మీద ఒక మూల డ్రాయింగ్ మాస్టారు బొమ్మ వేస్తుంటే ఇంకో మూల నాట్యం జరగడం. కాగితం మీద ఎంతో బాగుంది. హాల్లో చూస్తే మాస్టారి వీపు తప్ప ఏమీ కనిపించలేదు. కాన్వాసు రెండడుగులు, చివరి వరుస డెబ్బై అడుగుల దూరం. పైగా నాట్యం కోసం రంగుల ఎల్‌ఈడీ లైట్లు పెట్టాం. ఎర్ర లైటు పడితే తెల్ల గుడ్డ, దాని మీది ఎర్ర రంగు రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆకుపచ్చ, నీలం నల్లబడతాయి. మాస్టారు తాను ఏ రంగు వేస్తున్నారో తనకే తెలియని స్థితిలో గంటన్నర నిలబడ్డారు. తర్వాత పగలు ఆ బొమ్మ చూసి నవ్వేశారు, పాపం. ఆయన మంచివారు కాబట్టి సరిపోయింది.

మూడోది, డప్పును కూచిపూడితో కలపడం. నాట్యానికి పాట పెన్‌డ్రైవ్‌లో ఉంది. రికార్డు తన వేగంతో తాను పోతుంది, ఎవరి మాటా వినదు. డప్పు వాళ్లు ఒకరి కళ్లు ఒకరు చూసుకుంటూ దరువు మార్చేవాళ్లు. రెండో నిమిషానికే ఇద్దరి దారులు వేరయ్యాయి. అదీగాక డప్పు కాచడానికి మంట కావాలి. తోలు మెత్తబడితే మోగదు. ఫంక్షన్ హాల్లో మంట పెట్టనివ్వరు. వాళ్లు రోడ్డు అవతల కాగితాలు కాల్చి డప్పు కాచుకుని పరుగున వచ్చి, ఏసీ హాల్లో ఇరవై నిమిషాలు వంతు కోసం నిలబడ్డారు. స్టేజీ ఎక్కేసరికి చప్పుడు చప్పబడింది. వాళ్ల వెంటనే ఒక మెల్లని గొంతున్న కవయిత్రి. డప్పు హోరు చెవుల్లో ఉండగా ఆ గొంతు ఎవరికి వినిపిస్తుంది? ఆ వరుస రాసింది నేనే.

రాత్రి పదికి పోలీసులు వచ్చారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. నాలుగువైపులా మూసిన హాలుకు మినహాయింపు ఉంది కానీ, మేం ఆవరణలో కూడా రెండు బాక్సులు పెట్టి ఉన్నాం. ఇంకా నలుగురు కవులు మిగిలే ఉన్నారు. మూడో ఏడాదీ కవులకే కోత.

ఒక మాట

వారం తర్వాత గ్రంథాలయంలో సమీక్ష పెట్టుకున్నాం. డప్పు బృందం పెద్దాయనను కూడా పిలవమని నేను పట్టుబట్టాను. పెద్ద ఆలోచనేం కాదు, తప్పు చేశామనే సిగ్గు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివర్లో అన్నది ఇదీ.

"మా చిన్నప్పుడు డక్కలోళ్లు వచ్చి పటం కట్టి జాంబపురాణం చెప్తుండె సార్. తెల్లారెదాక ఒక్కరు లేవకపోదురు. ఎట్ల లేస్తరు? బొమ్మ ఇంక ఒడవలేదు గద."

ఇంటికొచ్చాక కూడా ఆ చివరి మాటే తిరుగుతోంది. బొమ్మ ఇంకా ఒడవలేదు, అంటే అయిపోలేదు.

పటం కథల గురించి నాకు తెలియక కాదు. తెలంగాణలో గుడ్డ మీద వేసిన పొడవాటి బొమ్మల చుట్టను విప్పుతూ కులపురాణాలు చెప్పే సంప్రదాయం తరతరాలుగా ఉంది. మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెబుతారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ. పటాలు వేసేవాళ్లు నకాషీలు. ఇవాళ చేర్యాల బొమ్మలని మనం డ్రాయింగ్ రూముల్లో ఫ్రేము కట్టి తగిలించుకునేవి ఆ పటాల ముక్కలే అనుకోవచ్చు. ఇవన్నీ వర్క్‌షాపుల్లో నేనే చెప్పిన సంగతులు. అయినా "చిత్రకళ, సంగీతం, కవిత్వం, నాట్యం కలపడం ఎలా" అని రెండు నెలలు తల పట్టుకున్నప్పుడు ఇవేవీ గుర్తు రాలేదు. నాలుగూ ఎప్పుడో కలిసే ఉన్నాయి, వాటిని విడదీసి పాంప్లెట్‌లో వరుస నంబర్లు వేసింది మనం.

ఆ మాటలో నాకు పనికొచ్చిన విషయం ఇంకొంచెం సూక్ష్మమైనది. పటం ఒక గడియారం కూడా. చుట్టలో ఎంత గుడ్డ మిగిలిందో చూసేవాడికి కనిపిస్తుంది. పంతొమ్మిది ఐటమ్‌ల రాత్రిలో ఎప్పుడు అయిపోతుందో ఎవరికీ తెలియదు, అందుకే ప్రతి ఐటమ్ దగ్గరా లేచిపోవడానికి ఒక సాకు ఉంటుంది. చుట్ట ముందు కూర్చున్నవాడు తర్వాతి బొమ్మ ఏమిటా అని చూస్తాడు.

ఎవరి కథ?

నా రెండో ఏడాది పటం చుట్టూ కార్యక్రమం కట్టాలని నిర్ణయించాం. వెంటనే వచ్చిన సూచన, జాంబపురాణమో మార్కండేయ పురాణమో ఒక గంటకు కుదించి వేద్దామని. నేను ఒప్పుకోలేదు. ఆ కథలు చెప్పే హక్కు కొన్ని కుటుంబాలకు, చెప్పించుకునే ఆనవాయితీ కొన్ని కులాలకు ముడిపడి ఉన్నాయి. పటం విప్పేవాళ్లకు అది బతుకు కూడా. మనం పిల్లలతో వేయిస్తే అది ఫ్యాన్సీ డ్రెస్ అవుతుంది. పద్ధతి మాత్రమే తీసుకుందాం, కథ మనది వెతుక్కుందాం అన్నాను. పద్ధతి తీసుకోవడానికైనా అడగాలి కదా అని లెక్చరర్ గారు అన్నారు. ఆయన చెప్పింది సబబు. ఒక నకాషీ చిత్రకారుణ్ని రెండు రోజుల శిక్షణకు, పటం కథ చెప్పే ఒక పెద్దమనిషిని ఒక సాయంత్రానికి, తగిన పారితోషికంతో పిలిపించాం.

కథ దొరకడానికి పెద్దగా కష్టపడలేదు. ఊరి చెరువు. ఆ ఊళ్లో అన్ని వీధులకూ ఆ చెరువుతో ఏదో ఒక సంబంధం ఉంది. మూడడుగులకొకటి చొప్పున పది బొమ్మలు అనుకున్నాం: కట్ట, కట్టమైసమ్మ, తూము దగ్గర నీళ్లు వదిలే నీరటి, మత్తడి దుంకడం (చెరువు నిండి పొర్లడం), చాకిరేవు, చేపల వేట, బతుకమ్మ, కరువు, 2015లో మొదలైన మిషన్ కాకతీయ (చెరువుల పునరుద్ధరణ పథకం) నాటి పూడికతీత, చివరికి ఇవాళ్టి చెరువు. కాకతీయ రాజును గుర్రం మీద వేద్దామని ఒకరు పట్టుబట్టారు. చెరువు ఆ కాలందేనని ఊళ్లో అంటారు కానీ శాసనం లేదు. రాజును వదిలేసి మట్టి తట్టలు మోసే ఆడవాళ్లను వేశాం.

పదో బొమ్మతో చిక్కు వచ్చింది. ఇవాళ్టి చెరువంటే గుర్రపుడెక్క, శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే జాగాలో లేచిన గోడలు. పిల్లలు చూసింది చూసినట్టు గీశారు. టెంటు ఖర్చు పెట్టుకుంటానన్న ఒక దాతకు గోడలు నచ్చలేదు. తీసేద్దామా అని బృందం నన్ను అడిగింది. ఎవరి పేరూ వేయం, ఎవరి ముఖమూ గీయం, నీళ్లలో నిలబడ్డ గోడ మాత్రం ఉంటుందని చెప్పాను. గోడ తీసేస్తే, రోజూ దాన్ని చూస్తూ బడికి పోయే పిల్లలకు బొమ్మలు అబద్ధమాడతాయని మనమే నేర్పినట్టు. దాత తప్పుకున్నారు. స్టేజీ, టెంటు రెండూ మానేసి బడి మైదానంలో జంఖానాలు పరిచేశాం. నిజానికి అంతకుముందు ఖర్చులో దాదాపు సగం స్టేజీకి, లైట్లకు, సౌండుకే పోయేది.

తయారీ

పటం గుడ్డ తయారుచేయడం నకాషీ ఆయన నేర్పారు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత. ఆయన చేతిలో పూత పల్చగా పడింది. మా పిల్లల చేతిలో దోసె మందం పడింది. ఎండాక చుడితే పెళుసుగా పగిలి రాలింది. ఆరడుగుల గుడ్డ పాడైంది. ఇంకో నెల ఉంటే నేర్చుకునేవాళ్లం. లేదు కాబట్టి పల్చటి గంజి పూత మీద అక్రిలిక్ రంగులు వాడాం. దాన్ని చేర్యాల పటం అనొద్దని, చెరువు పటం అని మాత్రమే అనాలని పాంప్లెట్‌లో జాగ్రత్తపడ్డాం. నెల రోజుల్లో అక్రిలిక్‌తో వేసినదానికి ఆ పేరు పెట్టుకోవడం వాళ్ల పనిని చిన్నబుచ్చడమే.

వెల్డింగ్ షాపులో రెండు పైపులతో చట్రం చేయించాం. కింది పైపు నుంచి గుడ్డ పై పైపుకు ఎక్కుతుంది, పక్కన బావి గిలకలాంటి పిడి. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు బొమ్మ ముప్పై అడుగుల దూరం దాటితే సరిగా ఆనదని మైదానంలో నడిచి చూసుకున్నాం. అందుకే కుర్చీల వరుసలు వద్దనుకుని, అర్ధచంద్రాకారంలో నేలమీద కూర్చోబెట్టాం. రెండు మామూలు తెల్ల లైట్లు, చెరో పక్క నుంచి ఏటవాలుగా. ఎదురుగా పెడితే రంగు మెరిసి బొమ్మ కనిపించదు. రంగుల లైట్లు అసలే వద్దన్నాం. సౌండు కుర్రాడికి పెద్ద నిరాశ.

ఇప్పుడు అసలు పని, వరుస. ఈసారి "ఏ ఐటమ్ తర్వాత ఏది" అని ఆలోచించలేదు. ఎవరికి ఎప్పుడు విరామం కావాలో రాసుకున్నాం. నవంబరు చివరి వారం, మంచుకు డప్పు తోలు పావుగంటలో మెత్తబడుతుంది, మంట దగ్గర మళ్లీ ఐదారు నిమిషాలు కావాలి. డాన్స్ పిల్లలకు దుస్తులు మార్చుకోవడానికి పది నిమిషాలు. పటం తిప్పేవాళ్లకు గుడ్డ సరిచేసుకోవడానికి ఒక నిమిషం. ఈ ఖాళీలన్నీ మునుపు యాంకర్ మాటలతో పూడ్చేవాళ్లం. ఇప్పుడు డప్పు కాగే సమయం కవికి ఇచ్చాం. మైదానం ఓ పక్క మంట కనిపిస్తుంటుంది, ఆ వెలుతురులో డప్పు వాళ్లు తోలు మీద వేలితో కొట్టి చూసుకుంటుంటారు, ఇటు కవిత నడుస్తుంటుంది. ఆ ఐదు నిమిషాల నిశ్శబ్దం కవికి ఎవరో దయతో ఇచ్చింది కాదు. డప్పుకు అది అవసరం. నాకు ఈ కేసులో అన్నిటికంటే విలువైన పాఠం ఇదే. కళలను పక్కపక్కన పెడితే ఒకదాని సమయం ఇంకోటి తినేస్తుంది. ఒకదాని విరామం ఇంకోదాని వంతు అయినప్పుడు రెండూ నిలబడ్డాయి.

డాన్స్ పిల్లలు నలభై రెండు మంది. ఒక్కో పాపకు ఒక్కో ఐటమ్ కాకుండా, ప్రతి పాపా రెండు బొమ్మల్లో ఉండేలా టీచరమ్మ పంచారు. మొదటి సగంలో ఒకసారి, రెండో సగంలో ఒకసారి. తాకట్టు లేకుండానే తల్లిదండ్రులు ఉంటారు. ఈ ఉపాయం ఆమెదే. పెన్‌డ్రైవ్ మానేసి నట్టువాంగం (తాళం వేస్తూ జతులు చెప్పి నాట్యాన్ని నడపడం) ఆమే చేశారు. ఆమె తాళాలు, పెద్దాయన డప్పు, ఆరు సాయంత్రాలు రిహార్సల్. మొదటి రోజు ఇద్దరూ ఒకరికొకరు మర్యాదగా దారి ఇచ్చుకుంటూ ఎవరూ సరిగా వాయించలేదు. మూడో రోజు ఆమె నోటితో జతి చెప్పారు, ఆయన నోటితోనే దరువు చెప్పాడు. "గిదే గద అమ్మా, మీరు గట్ల అంటున్నరు, మేం గిట్ల అంటం" అన్నాడు. ఆ తర్వాత నేను రిహార్సల్‌కు పోవడం మానేశాను. అక్కడ నాతో పని లేదు.

పెద్దాయన ఒక షరతు పెట్టాడు. "మమ్ముల దర్వాజ కాడ నిలవెట్టద్దు." పాంప్లెట్‌లో అందరి పేర్లూ అక్షరక్రమంలో వేశాం. మనిషికి ఇంత అని అందరికీ ఒకే పారితోషికం. భోజనం ఒకే బంతిలో. బృందంలో ఒకరికి పారితోషికం సంగతి మింగుడుపడలేదు. "పదేళ్లు నేర్చుకున్న నాట్యానికీ డప్పుకూ ఒకటేనా?" డప్పు ఎన్నేళ్లు నేర్చుకుంటారో పెద్దాయననే అడగమన్నాను. అడగలేదు.

బొమ్మ దగ్గర కవిత చెప్పడానికి కవుల్లో కొందరు ఒప్పుకోలేదు. ఒక సీనియర్ కవి నేరుగానే అన్నారు: "నా కవిత్వం బొమ్మకు క్యాప్షన్ కాదు." బతిమాలాను, రాలేదు. ఆయన మాటలో న్యాయం ఉందని ఇప్పటికీ అనుకుంటున్నాను. రెండు నిమిషాల్లో, కంఠతా చెప్పాలన్న మా నియమానికి లోబడని కవిత్వం ఉంటుంది. దాన్ని మైదానంలో చంపడం కంటే వేరే చోట వినడం మేలు. మర్నాడు ఉదయం గ్రంథాలయంలో ఆయన ఒక్కరి సభ పెట్టాం. ఇరవై మంది దాకా వచ్చారు. చాలన్నారు ఆయన.

ఆ రాత్రి

ముఖ్య అతిథికి ప్రసంగం లేదు, పటం పిడి తిప్పి ప్రారంభించడమే. ఆయనకు అది ఎంత నచ్చిందంటే ఆగలేదు. కట్ట, మైసమ్మ దాటి నీరటి కాళ్లు కనిపించేదాకా తిప్పేశారు. డ్రాయింగ్ మాస్టారు పరుగెత్తుకెళ్లి చేయి పట్టుకున్నారు. జనం నవ్వారు. అన్ని ప్రసంగాలకంటే మంచి ప్రారంభం అది.

ఆరు నలభైకి మొదలైంది. అప్పుడు నూట అరవై మంది. ఆరో బొమ్మ దగ్గర ఇద్దరం విడివిడిగా లెక్కపెడితే రెండు వందలు దాటారు. గోడ అవతల టీ కొట్టు దగ్గరివాళ్లు లోపలికొచ్చారు. వెనక వరుసలో ఒక పిల్లాడు "ఇంకెంతుంది?" అని అడిగితే వాళ్ల నానమ్మ కింది చుట్ట వైపు చూపించింది. "ఇంక శానున్నది, కూసో."

అన్నీ అనుకున్నట్టు జరగలేదు. నాలుగో బొమ్మప్పుడు గాలి లేచి గుడ్డ తెరచాపలా ఉబ్బింది, అంచు జానెడు చిరిగింది. వెనక వెదురు బద్దలు కట్టాలని ఎవరికీ తట్టలేదు. డప్పుకు మైకు పెట్టలేదు, అది సరైన పనే. కానీ కథ చెప్పే అమ్మాయి మైకు డప్పుకు మరీ దగ్గర పెట్టాం, మత్తడి దుంకే చోట ఆమె మాటలు సగం మునిగిపోయాయి. నీళ్ల హోరు అనుకున్నారేమో, ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఏడో బొమ్మ బతుకమ్మ. పిల్లలు బంతి, చామంతి పూలతో చిన్న బతుకమ్మ పేర్చి మధ్యలో పెట్టి నాలుగు నిమిషాలు ఆడి వెళ్లాలి. వాళ్లు రెండు చుట్లు తిరిగారో లేదో, ముందు వరుసలో ఒకామె కొంగు బొడ్లో దోపి లేచింది. ఆమె వెనక ఇంకో నలుగురు. మూడు నిమిషాల్లో యాభై మంది ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు, పాట వాళ్లే ఎత్తుకున్నారు. టీచరమ్మ నా వైపు చూశారు. ఆపడమా, వదిలేయడమా?

ఆపడానికి కారణాలున్నాయి. కాచి పెట్టుకున్న డప్పులు చల్లారుతున్నాయి. కరువు బొమ్మ దగ్గర చెప్పాల్సిన కవయిత్రి మొదటిసారి జనం ముందుకొస్తోంది, అప్పటికే చేతులు నలుపుకుంటోంది. వదిలేయడానికి కారణం ఒక్కటే. మూడేళ్లుగా కూర్చోబెట్టలేక తంటాలు పడ్డ జనం తమంతట తాము లేచారు, అదీ గేటు వైపు కాదు. వదిలేశాం. ఇరవై నిమిషాలు ఆడారు. తర్వాత పూడికతీత బొమ్మ దగ్గరి కవిత, పాట తీసేశాం. కరువు కవిత ఉంచాం. బతుకమ్మ ఆడి చెమటతో వచ్చి కూర్చున్న ఆడవాళ్ల ముందు ఆ అమ్మాయి నీళ్లు లేని చెరువు గురించి చెప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అది మంచికో చెడ్డకో ఆమెకు అర్థం కాక నన్ను వచ్చి అడిగింది. మంచికే అన్నాను. కోత పడిన కవి మాత్రం నాతో రెండు వారాలు మాట్లాడలేదు. కోపం న్యాయమే. ముందుగా "సమయం మించితే ఇది పోతుంది" అని ఒప్పందం చేసుకుని ఉండాల్సింది. ఇప్పుడు ప్రతి కార్యక్రమానికీ అలాంటి జాబితా ముందే రాసి అందరికీ చూపిస్తున్నాను.

ఎనిమిది యాభై ఐదుకు పదో బొమ్మ వచ్చింది. గోడలు, గుర్రపుడెక్క. డప్పు వాయించాలని మొదట అనుకున్నాం, పెద్దాయన వద్దన్నాడు. పిడి కిర్రు చప్పుడు తప్ప ఏమీ లేకుండా బొమ్మ పైకొచ్చి ఆగింది. పోలీసుల టెన్షన్ లేకుండా ముగించిన మొదటి ఏడాది అది.

తర్వాత

పటాన్ని రంగు వైపు లోపలికి పెట్టి చుట్టేశాం. అది పొరపాటు. రంగు వైపు బయటికి ఉండేలా, లావుపాటి పైపు మీద చుట్టాలి. రెండు నెలల తర్వాత విప్పితే చాకిరేవు దగ్గర మడతలు పడి ఉన్నాయి. సరిచేశాం కానీ గీత పోలేదు. అది బడిదా, గ్రంథాలయానిదా అన్న వాదన ఇంకా నడుస్తోంది. ప్రస్తుతానికి గ్రంథాలయం అటక మీద ఉంది.

ఇంకో విషయం. కార్యక్రమం అయిన మూడో రోజు చేపలు పట్టే పెద్దమనిషి ఒకాయన గ్రంథాలయానికి వచ్చి పటం విప్పమన్నాడట. ఆరో బొమ్మ ముందు నిలబడి, "వల గిట్ల పట్టరు. గిట్ల పడితె చేప గాదు, మనిషే పడ్తడు నీళ్లల్ల" అన్నాడట. డ్రాయింగ్ మాస్టారు ఇద్దరు పిల్లలను తీసుకుని తెల్లవారుజామున చెరువు దగ్గరికి వెళ్లి, ఆయన వల విసురుతుంటే చూసి గీసుకొచ్చి, ఆ బొమ్మ మార్చారు. పటం చివర ఇంకా మూడడుగుల ఖాళీ గుడ్డ ఉంది. అందులో ఏం వేయాలో తనను కూడా అడగాలని ఆయన చెప్పి వెళ్లాడు. వచ్చే నెల మీటింగుకు పిలిచారు.